రెండు లాప్‌టాప్‌లు, ఒక నక్షత్రం

లాప్‌టాప్ కొనే ముందు ఎవరైనా బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చూస్తారు, తెర మీద గీతలున్నాయేమో చూస్తారు, కీబోర్డు మీద నాలుగు అక్షరాలు కొట్టి చూస్తారు. మా ఇంట్లో జాతకం వేసి చూశారు. ఆ జాతకం నాది. ఒకే ధరకు దొరుకుతున్న రెండు లాప్‌టాప్‌లలో ఏది కొనాలో నా నక్షత్రాన్ని బట్టి తేల్చారు. ఈ సంగతి చెబితే నవ్వేవాళ్లే ఎక్కువ. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇన్నేళ్లయినా తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా నాయన సిద్ధాంతి. అశోక్‌నగర్‌లో ఒక సందులో కింది వాటా కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ముందుగది ఆయనది. అందులో ఒక పాత చెక్కబల్ల, గోడకు ఆనించి పంచాంగాల వరసలు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఇనుప కుర్చీలు ఉండేవి. కాచిగూడ బట్టల షాపుల వాళ్లు, రాంనగర్ ఉద్యోగస్తులు, ఎప్పుడో పాలమూరు నుంచి వచ్చి మేస్త్రీలుగా స్థిరపడ్డవాళ్లు, అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. మా అన్న ఆయన పక్కన కూర్చునేవాడు. కూర్చోవడమే అన్న పని. వచ్చినవాళ్లను "రండి రండి" అనడం, పోయేవాళ్లు ఇచ్చిన తాంబూలం అందుకోవడం, మధ్యలో తల ఊపడం. లగ్నం కట్టమంటే మాత్రం వేళ్ల మీద లెక్క తప్పేది. అయినా వారసుడు వాడే. నేను లోపలి నుంచి చాయ్ తెచ్చిపెట్టే మనిషిని.

తొంభైల చివరికి వచ్చేసరికి మాకు కొత్త శత్రువు తయారయ్యాడు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఒకాయన కంప్యూటర్ జాతకాల సెంటర్ పెట్టాడు. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, పదిహేను నిమిషాల్లో రంగు అట్ట వేసిన జాతకం చేతికి. నాయన ఒక జాతకం కట్టడానికి రెండు పూటలు తీసుకునేవాడు. మొదట్లో ఆయన లెక్కచేయలేదు. "మెషిన్‌కు ఏం దెల్సు, దానికి స్నానమా సంధ్యనా" అనేవాడు. తర్వాత జనం ఆ రంగు అట్టల జాతకాలే తెచ్చి ఆయన ముందు పెట్టి, "జర చూడండి పంతులుగారూ, కరెక్టేనా" అనడం మొదలుపెట్టారు. తన పీట మీదే కూర్చుని ఇంకొకడి వంటకు రుచి చెప్పాల్సి రావడం ఆయన భరించలేకపోయాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ, "మనం గూడ కంప్యూటర్ తెద్దాం. ఇంటింటికి తీస్కపోయేది. అమ్మాయి నేర్సుకున్నది గదా, ఉత్తగనే పోవద్దు" అన్నాడు.

నేర్చుకున్న అమ్మాయిని నేను. నారాయణగూడలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా చేశాను. అది చేస్తున్నన్నాళ్లూ, 'దీనికి కంప్యూటర్ ఎందుకు' అని దెప్పిన అన్న ఆ రోజు ఇంకాస్త పెరుగు వడ్డించుకున్నాడు.

ఇక నా నక్షత్రం సంగతి చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నాది మూల. మూలా నక్షత్రంలో పుట్టిన పిల్ల మామగారికి గండమని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆశ్లేష పిల్ల అత్తకు, జ్యేష్ఠ పిల్ల బావగారికి, మూల పిల్ల మామకు. చక్కగా తలా ఒకరిని పంచారు. నేను పుట్టిన గంటలోనే నాయన స్వయంగా లెక్క కట్టి, మూల నాలుగో పాదం అని తేల్చి, పసుపు పూసిన కాగితం మీద చక్రం వేసి పెట్టాడు. నాలుగో పాదానికి దోషం లేదని శాస్త్రంలోనే ఉంది. ఆ మాట ఆయన వచ్చిన ప్రతి పెళ్లివారికీ చెప్పేవాడు. వాళ్లు మాత్రం 'మూల' దగ్గరే ఆగిపోయేవారు. ఉప్మా తిని, చాయ్ తాగి, "కబురు చేస్తం" అని చెప్పులు వేసుకునేవారు.

పెళ్లి కాలేదని నాకు బాధ లేదు. నమ్మకపోతే మానెయ్యండి. నాకు ఒళ్లు మండింది ఇంకొకందుకు. మా మేనత్త కూతురి నిశ్చితార్థంలో ఎవరో తాంబూలం పళ్లెం నా చేతికిచ్చి పెళ్లికొడుకు వాళ్లకు అందించమన్నారు. పెళ్లికొడుకు తల్లి నా వైపు చూసి, "ఈ అమ్మాయిదేనా మూల?" అని అడిగి, పళ్లెం నా చేతిలోంచి తీసుకుని పక్కనున్న పిల్లకు ఇచ్చింది. అందరి ముందే. నాయన అక్కడే ఉన్నాడు. నాలుగో పాదం సంగతి అప్పుడు ఆయనకు గుర్తుకు రాలేదు. మెడలో కండువా సర్దుకుని పురోహితుడితో ముహూర్తం గురించి మాట్లాడుతూ ఉండిపోయాడు. ఆ మాట నా మీద నుంచి పోవాలని నేను కోరుకున్నది అప్పటి నుంచే. అది ఏ పూజతోనూ పోయేది కాదని తెలుసు కాబట్టి కోరుకోవడం కూడా మానేశాను.

లాప్‌టాప్ కొనడానికి నాయన మంచిరోజు చూశాడు. వర్జ్యం లేకుండా, రాహుకాలం తగలకుండా ఒక గురువారం పొద్దున నాయన, అన్న, నేను నారాయణగూడకు నడిచి వెళ్లాం. మార్కెట్ దాటాక ఒక మేడ మీద, బొంబాయి నుంచి పాత లాప్‌టాప్‌లు తెచ్చి బాగుచేసి అమ్మే దుకాణం ఉండేది. కొత్తవి కొనే స్తోమత మాకు లేదు, మాలాంటివాళ్లెవరికీ లేదు. దుకాణదారుది కోస్తా వైపు మాట. నాయన బొట్టు, పిలక చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"రండి పంతులుగారూ. మీకు జాతకాలకే కదండీ? తెలుగు జాతకాల ప్రోగ్రామ్ వేసి ఉంచినవి రెండున్నాయి. రెండూ ఒకటే రేటు. ఏది నచ్చితే అది తీసుకెళ్లండి" అన్నాడు.

ఒకటి బూడిద రంగుది, ఇంకోటి నల్లది. నేను ముందు వైరు పీకేసి రెండింటినీ బ్యాటరీ మీద నడిపించి చూశాను. బూడిద రంగుది చూస్తుండగానే టపీమని ఆరిపోయింది. దాని తెర మీద ఒక నిలువు గీత ఉంది. కొన్ని అక్షరాలు గట్టిగా పొడిస్తే తప్ప పడేవి కావు. కానీ దానికి తోలు సంచీ ఉంది, మూత మీద మెరిసే బిళ్ల ఉంది. నల్లది చూడ్డానికి నలిగినట్టు ఉన్నా తెర తేటగా ఉంది, కీలు మెత్తగా పడుతున్నాయి, నేను అడగాల్సినవన్నీ అడిగి ముగించేదాకా బ్యాటరీ మీదే నడిచింది. ఇంటింటికీ తిరగాల్సిన మెషిన్ అది. కాచిగూడలో కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియని రోజులవి. ఇందులో ఆలోచించడానికేముంది? "బ్యాటరీ మంచిగున్నది, నల్లది తీస్కుందాం నాయనా" అన్నాను.

అన్న బూడిద రంగు దాని సంచీ భుజానికి తగిలించుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. నాయన నా మాట విననట్టే కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"లెక్క సరిగ్గ జేస్తదో లేదో సూడకుంట ఎట్ల దీస్కుంటం? తెల్సిన జాతకం ఒకటి ఎయ్యి. నీదే ఎయ్యి. నీది నేనే కట్టిన, నాకు కంఠతా ఉన్నది" అన్నాడు.

నేను పుట్టిన తేదీ, వేళ, ఊరు ముందు బూడిద రంగు దాంట్లో కొట్టాను. గీతపడ్డ తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. మూల, నాలుగో పాదం. నాయన మొహం వెలిగిపోయింది. అన్న భుజం మీద చెయ్యేసి, "సూసినవా? అప్పట్ల మెషిన్ లేదు, ఏం లేదు. ఉత్త పంచాంగం తోటి కట్టిన" అన్నాడు. దుకాణదారు చేతులు జోడించాడు.

తర్వాత నల్లది. అదే తేదీ, అదే వేళ, అదే ఊరు. తెర మీద పూర్వాషాఢ, ఒకటో పాదం అని వచ్చింది.

నేను మళ్లీ కొట్టాను. అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని కొట్టాను. మళ్లీ పూర్వాషాఢే. అప్పుడు నాకేమనిపించిందో దాచుకోను. సంతోషమో ఏడుపో తెలియలేదు. ఇన్నేళ్లుగా నా ముందు నడుస్తూ వచ్చిన ఆ మాట ఆ తెర మీద లేదు. ఆ పళ్లెం లాక్కున్నావిడ అక్కడ ఉంటే బాగుండునని మాత్రం అనిపించింది.

ఈ తేడా ఎందుకొస్తుందో నాయనకు తెలియనిది కాదు. మన పంచాంగాల్లో రెండు రకాల లెక్కలున్నాయి. పెద్దలు సూత్రాలుగా చెప్పిన పాత లెక్క ఒకటి, ఆకాశంలో గ్రహాలు కనిపించే చోటును బట్టి కట్టే దృక్ లెక్క ఇంకొకటి. రెండింటి మధ్య నక్షత్రం మారే వేళ కొన్ని ఘడియలు అటూ ఇటూ అవుతుంది. మామూలు జాతకాల్లో ఆ తేడా తెలియదు. నేను పుట్టింది సరిగ్గా నక్షత్రం మారే సందులో. పాత లెక్కలో నేను మూల చివర్లో పుట్టాను. దృక్ లెక్కలో అప్పటికే మూల అయిపోయి పూర్వాషాఢ వచ్చేసింది. ఒకే అల్మారాలో పక్కపక్కన ఉండే రెండు పంచాంగాల సంగతే ఇది. నాయన కట్టేది పాత లెక్క. దృక్ లెక్క వాళ్లతో సభల్లో కొట్లాడి వచ్చేవాడు కూడా.

"నాయనా, ఇది మెషిన్ తేడా గాదు. లోపల లెక్క పద్ధతి వేరే పెట్టినట్టున్నరు. దీంట్ల ప్రోగ్రామ్ దాంట్లకు, దాంట్లది దీంట్లకు మార్చుకోవచ్చు. మెషిన్ మంచిదా కాదా అన్నదే మనం సూడాలె" అన్నాను. దుకాణదారు వైపు తిరిగి, "అంతే కదండీ?" అని అడిగాను.

ఆయన వ్యాపారం చేసుకునే మనిషి. ఒకటి తప్పంటే రెండూ అమ్ముడుపోవని భయపడ్డట్టున్నాడు. "రెండూ కరెక్టేనండి. ఏ మెషిన్ దాని లెక్క దానిదండి" అని చల్లగా తప్పుకున్నాడు.

అదే మా నాయనకు చాలు. "ఏ మెషిన్ దాని లెక్క దానిదట. విన్నవా?" అన్నాడు. ఆయన దృష్టిలో ఆ రెండూ రెండు పెట్టెలు కావు, ఇద్దరు సిద్ధాంతులు. ఒకడు తన శిష్యుడు, ఇంకొకడు ప్రత్యర్థి. "తప్పుడు లెక్క జెప్పేదాన్ని పైసలు వెట్టి ఇంట్లకు దెచ్చుకుంటమా?" అన్నాడు.

"బ్యాటరీ సూడు నాయనా. గది సగం జాతకం గూడ వెయ్యకముందే ఆరిపోతది. కరెంటు లేకుంటే ఏం జేస్తవ్?"

అప్పుడు అన్న నోరు తెరిచాడు. పొద్దుటి నుంచి వాడు మాట్లాడిన మొదటి పనికొచ్చే మాట అదేనని వాడు అనుకుని ఉంటాడు.

"బ్యాటరీ గాదు నాయనా, నక్షత్రం. దానికి పూర్వాషాఢ జెప్పిందని గా నల్లది కావాలంటున్నది. నక్షత్రం మార్చుకోనీకే ఈ నాటకమంత."

నేను బ్యాటరీ గురించి మాట్లాడింది తెర మీద పూర్వాషాఢ రాకముందు. అది వాడికి తెలుసు. వాడి పక్కనే నిలబడి చెప్పాను. కానీ ఆ క్షణం నుంచి నేను ఏం చెప్పినా అది నక్షత్రం కోసమే అయిపోయింది. తెర తేటగా ఉందన్నా నక్షత్రం కోసమే, కీలు బాగున్నాయన్నా నక్షత్రం కోసమే. నేను డిప్లొమా చేసింది కూడా దానికోసమే అన్నట్టు చూశాడు నాయన. "అమ్మాయీ, రాత మార్చుకోవాల్నని ఎవరికుండదు? గని శాస్త్రం మన సొమ్ము గాదు" అన్నాడు, ఎంతో దయతో. ఆ దయ నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. కోపంగా తిట్టి ఉంటే తిరిగి అనేదాన్ని.

"నాకు నక్షత్రం వద్దు, ఏం వద్దు. మూలనే ఉండనియ్యి. మెషిన్ మాత్రం నల్లది దీస్కో" అన్నాను. నిజంగానే అన్నాను. ఎవరూ నమ్మలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం వాడు మన బుగ్గలు చూస్తాడు.

బూడిద రంగుదే కొన్నారు. ఆటోలో నాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిక్కడపల్లిలో ఆ కంప్యూటర్ సెంటర్ అద్దాల తలుపు ముందు నుంచి పోతుంటే ఆటోవాణ్ణి నెమ్మదిగా పోనియ్యమన్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. అన్న అప్పటికే అంతా చెప్పేశాడు. ఆమె తలుపు దగ్గరికి వేసి, "నిజంగనే పూర్వాషాఢ అన్నదా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె కళ్లు తడిశాయి. నా పక్షాన ఒక్క మాటైనా అంటుందనుకున్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుని, "ఎవ్వరికి జెప్పకు బిడ్డా. మీ నాయన లెక్క తప్పిందని నలుగురికి దెలిస్తే గిరాకి పోతది" అంది. ఇంట్లో నాకున్న ఒకే ఒక్క తోడు గిరాకీ వైపు నిలబడింది. ఆ పూట అమ్మ చేతి అన్నం నేను తినలేదు.

మర్నాడు లాప్‌టాప్‌కు పూజ చేశారు. మూత మీద పసుపు, కుంకుమ, మల్లెపూలు. కొబ్బరినీళ్లు కీబోర్డు మీద చిలకరించబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను, "ఎదురు జెప్తది అన్నిట్ల" అని అన్న సణిగాడు. కుంకుమ మూత సందుల్లోకి పోయి, తెరిచినప్పుడల్లా నా వేళ్లకు ఎర్రగా అంటేది.

తర్వాత నేను చెప్పిందే జరిగింది. కాచిగూడలో ఒక ఇంటికి వెళ్లి జాతకం సగంలో ఉండగా కరెంటు పోయింది. దాంతోపాటే తెర కూడా ఆరిపోయింది. ఇంటివాళ్లు విసనకర్రలు తెచ్చుకుని మా మొహాలు చూస్తూ కూర్చున్నారు. నాయన వాళ్ల ముందే నన్ను, "సరిగ్గ సూస్కోవద్దా?" అని కసిరాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందని లోలోపల అనుకున్నాను. పైకి అనలేకపోయాను. నా నోటికి ఆ అలవాటు తక్కువ అప్పట్లో.

ఒకరోజు మధ్యాహ్నం ముందుగదిలో ఎవరూ లేనప్పుడు ఆ ప్రోగ్రామ్‌లో ఏమేం ఉన్నాయో వెతుకుతూ కూర్చున్నాను. నేను దుకాణంలో అనుకున్నదే నిజం. లోపల ఒకచోట రెండు గడులు ఉన్నాయి. ఒకటి పాత లెక్కకు, ఒకటి దృక్ లెక్కకు. ఏది నొక్కితే ఆ పద్ధతిలో జాతకం వస్తుంది. నల్లదాంట్లో ఎవరో రెండోది నొక్కి ఉంచారు, బూడిద రంగు దాంట్లో మొదటిది. అంతే తేడా. నాయన శిష్యుడనుకున్న పెట్టెలోనే ఆయన ప్రత్యర్థి కూడా కాపురం ఉన్నాడు.

నాయనను పిలిచాను. ఆయన కళ్ల ముందే నా తేదీ కొట్టి మొదటి గడి నొక్కాను. మూల. రెండో గడి నొక్కాను. పూర్వాషాఢ. ఆయన తెర మీదికి వంగి రెండూ చదివాడు. ఒకే పెట్టె రెండు మాటలు చెబుతోంది కాబట్టి ఇప్పుడైనా ఒప్పుకుంటాడని, దుకాణంలో నన్ను అన్న మాటకు కనీసం ఒక 'అయ్యో' అంటాడని ఎదురుచూశాను.

"ఆ రెండోది ముట్టకు. ఎవ్వలకు సూపెట్టకు గూడ. రెండు మాటలు జెప్పేటోని దగ్గరికి ఎవ్వడు రాడు" అన్నాడు. లేచి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

నేను ముట్టలేదు. ఎంత మంచి కూతురినో చూడండి.

కొన్నాళ్లకు కాచిగూడ బట్టల వ్యాపారి ఒకాయన వచ్చాడు. నాయనకు పాత గిరాకీ, పండక్కి మా అందరికీ బట్టలు పంపే మనిషి. కూతురికి మంచి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తల్లి పిల్ల జాతకం అడిగింది. పిల్ల పుట్టినప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరో కట్టిన జాతకంలో ఆశ్లేష అని ఉంది. అత్తకు గండం. ఆయన కుర్చీ అంచు మీద కూర్చుని, "అయ్యగారూ, మీరొకసారి కంప్యూటర్ల సూడండి. ఒక్కతే బిడ్డ" అన్నాడు.

నేను తేదీ కొట్టాను. ఆశ్లేష, నాలుగో పాదం. నక్షత్రం ఆఖరి ఘడియల్లో పుట్టింది ఆ పిల్ల కూడా. వ్యాపారి తల దించుకున్నాడు. ఆయన మీద నాకు జాలి వేసింది. నాయన ఏమంటాడోనని చూశాను. ఏదో శాంతి చేయించమని చెబుతాడనుకున్నాను.

నాయన గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూడకుండా, బల్ల మీద పంచాంగం దుమ్ము తుడుస్తూ, "అమ్మాయీ, ఆ రెండో లెక్క గూడ ఒకసారి సూడు" అన్నాడు.

ముట్టకన్నది ఆయనే కదా. అలాగే కూర్చుండిపోయాను. "నిన్నే. రెండోది నొక్కు" అన్నాడు, ఈసారి కొంచెం గట్టిగా.

నొక్కాను. మఘ, ఒకటో పాదం అని వచ్చింది. మఘ పిల్లతో అత్తకు ఏ గండమూ లేదు. వ్యాపారి లేచి నిలబడ్డాడు. నాయన ఎంతో నిబ్బరంగా, "దృక్ లెక్కనే సరైంది సేఠ్. ఆకాశంల కండ్లకు కనవడేది అబద్ధమెట్లయితది? ఇప్పుడు శానమంది ఇదే సూస్తున్నరు. మీ బిడ్డది మఘ. నిశ్చింతగ పెండ్లి జెయ్యండి" అన్నాడు. లాప్‌టాప్‌తో పాటు తెచ్చుకున్న ప్రింటర్ గరగరమని ఆ పిల్ల కొత్త నక్షత్రాన్ని అచ్చు వేసింది. ఆయన దాన్ని కళ్లకద్దుకుని, నాయన కాళ్లకు దండం పెట్టి, గుమ్మం దాటుతూ కూడా దండాలు పెడుతూనే పోయాడు. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు. ఆమె ఎక్కడున్నా సుఖంగా ఉండాలి.

వాకిట్లో ఆయన చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగాను.

"నాయనా, మరి నాది?" అని అడిగాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నాది గూడ రెండో లెక్క ప్రకారం చెప్పొచ్చు గదా. ఇప్పుడే అంటివి, అదే సరైందని."

నాయన పంచాంగం మూసి వరసలో పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. తెలియని పిల్లకు ఎక్కం చెప్పినట్టు చెప్పాడు.

"ఆ పిల్ల జాతకం ఎవలో కట్టిన్రు బిడ్డా. నీది నేను కట్టిన."

పక్కన కూర్చున్న అన్న తల ఊపాడు.

నేను లాప్‌టాప్ మూత వేశాను. "రేపటి నుంచి అన్నను నొక్కమను" అని చెప్పి బయటికి వచ్చాను. చెప్పులు కూడా వేసుకోలేదు. చిక్కడపల్లి దాకా అలాగే నడిచాను. ఆ అద్దాల తలుపు తోసి లోపలికి వెళ్లి, పని ఉందా అని అడిగాను. వాళ్లు నా డిప్లొమా గురించి అడిగారు, తెలుగు టైపింగ్ వచ్చా అని అడిగారు. నక్షత్రం అడగలేదు.

ఆ రోజు నేను నొక్కిన రెండో గడి అలాగే ఉండిపోయింది. అది ఎక్కడుందో నాయనకు తెలియదు, అన్నకు ఎవరైనా చూపించినా మళ్లీ మరిచిపోతాడు. దాంతో అప్పటి నుంచి మా ఇంట్లో జాతకాలన్నీ దృక్ లెక్కలోనే అచ్చయ్యాయి. సభల్లో ఆ లెక్కవాళ్లను దుమ్మెత్తిపోసిన మా నాయన ఇంట్లో కూర్చుని అందరి పిల్లలకూ అదే లెక్క చదివి వినిపించాడు. నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కూడా నన్ను చూసుకోవడానికి ఒక కుటుంబం వచ్చింది. నేను సెంటర్ నుంచి వచ్చేసరికి వాళ్లు ముందుగదిలో కూర్చుని ఉన్నారు. బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది, అంతకుముందే ఎవరిదో జాతకం వేసినట్టున్నారు. పెళ్లికొడుకు తండ్రి దాన్ని చూసి, "మీ దగ్గర కంప్యూటర్ ఉన్నది గదా పంతులుగారూ, అమ్మాయిది గూడ అండ్లనే ఒకసారి ఏసి సూపియ్యండి" అన్నాడు.

మా నాయన ఆ మూత మూసి పక్కకు జరిపాడు. "దీనికి మెషిన్ ఎందుకండి, నాకు కంఠతా ఉన్నది" అని, నా వైపు చూడకుండానే చెప్పాడు, "మూల. నాలుగో పాదం."